చప్పుడు లేని బేస్, కింది ఫ్లాట్ పెద్దాయన

ప్రశ్న: మాది మల్కాజ్‌గిరిలో మూడో అంతస్తు ఫ్లాట్. ఆదివారాలు చర్చిలో బేస్ గిటార్ వాయిస్తాను. ఉద్యోగం గచ్చిబౌలిలో, ఇల్లు చేరేసరికి రాత్రి పది. ఆంప్ ఎంత తగ్గించినా కింది ఫ్లాట్ వాళ్లు మెట్లెక్కి వచ్చేస్తున్నారు. గిటార్ జాక్‌కే గుచ్చుకునే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ కొంటే సరిపోతుందా? నా దగ్గర బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి, వాటితో పనవుతుందా?
– ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

కింది ఫ్లాట్ వాళ్లను ఏమీ అనుకోకండి. మీకు తగ్గించినట్టే ఉంటుంది, వాళ్లకు తగ్గదు. బేస్‌లో లావు ఇ తీగ శ్రుతి 41 హెర్ట్జ్. గాలిలో దాని ఒక్క అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే, బహుశా మీ హాలు కంటే పొడుగు. పక్కింటి కీబోర్డు మోతను తలుపేసి ఆపొచ్చుగానీ, దీన్ని మన నాలుగున్నర అంగుళాల గోడలు ఆపలేవు. పైగా ఆంప్‌ని నేల మీద పెట్టారంటే స్లాబే డప్పు అయిపోతుంది. మీకు పాట, వాళ్లకు ధనధన.

కొనే ముందు ఒక పని చేయండి. మీ ఆంప్ ముందూ వెనకా ఓసారి చూడండి. ఇంట్లో వాయించుకునే చిన్న ఆంపుల్లో చాలావాటికి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటుంది, అందులో పిన్ను పెట్టగానే స్పీకర్ ఆగిపోతుంది. అది ఉంటే మీ డబ్బులు మిగిలినట్టే. మంచం మీద కూర్చునో, ఊరెళ్లినప్పుడో వాయించాలనుకుంటే మాత్రం చిన్నది కొనుక్కోండి.

హెడ్‌ఫోన్‌నే తిన్నగా గిటార్‌కి తగిలిస్తే పోదా అని చాలామంది అడుగుతారు. పోదు. తీగల కింద వాటి కదలికను కరెంటుగా మార్చే పికప్ ఇచ్చేది హెడ్‌ఫోన్‌ని కదిలించడానికి చాలదు. దోమ రొద లాంటిది వినిపిస్తే గొప్ప. మధ్యలో ఆంప్ ఉండాల్సిందే.

మీరడిగిన, జాక్‌కే గుచ్చుకునే చిన్న ఆంపుల్లో వాక్స్ కంపెనీ ఆంప్‌ప్లగ్ ఒకటి, అందులో బేస్‌కి విడిగా ఒక రకం ఉంది. షాపువాళ్లు ఏది చేతికందితే అది ఇస్తారు, డబ్బా మీద బేస్ అని ఉందో లేదో చూసి తీసుకోండి. మామూలు గిటార్ రకంలో అడుగు స్వరం పలచబడుతుంది. అలాంటిదే బాస్ (Boss) కంపెనీ కటానా గో, అందులో గిటార్, బేస్ రెండూ ఉన్నాయి, చార్జింగ్ కూడా అవుతుంది. కొనేముందు మీ గిటార్‌ని షాపుకి తీసుకెళ్లి గుచ్చి చూడండి. జాక్ పక్కన ఉందా, ముందు రేకు మీద ఉందా అన్నదాన్ని బట్టి ఆ ముక్క మీ చేతికి అడ్డం రావచ్చు. ఇదేం చిన్న విషయం కాదు, రోజూ మోచేతికి తగిలే వస్తువు మూడో రోజుకి అలమారలోకి పోతుంది.

ఇక బ్లూటూత్ ఇయర్‌బడ్స్. వద్దు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు, ఒక్కోసారి ఐదో వంతు ఆలస్యంగా చెవికి చేరుతుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటులో పావు వంతు అంటే 0.125 సెకన్లు. అంటే మీరు మీటింది మీకు వినబడేలోపు వేలు ఇంకో చోటికి వెళ్లిపోవాలి. తాళం మీది కాదన్నట్టు ఉంటుంది. వైరున్న హెడ్‌ఫోన్ కావాలి, అదీ చెవి మొత్తం మూసేది. ఫోన్‌లో పాటని బ్లూటూత్ ఉన్న ఆంప్‌లోకి పంపి దానితో పాటు వాయించడానికి మాత్రం బ్లూటూత్ బాగానే ఉంటుంది: పాట ఆలస్యంగా వచ్చినా, వచ్చిన దానికే కదా మీరు వాయించేది.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఈ ఆంపులు లేని రోజుల్లో పద్మారావునగర్‌లో అద్దెకుండేవాణ్ణి. రాత్రి పూట గిటార్ తలను చెక్క బీరువా తలుపుకి ఆనించి వాయించేవాణ్ణి. బీరువా పెట్టెలా మోగేది, నాకు వినబడేది, పక్కవాళ్లకు తెలిసేది కాదు. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. ఏడాది తర్వాత పెళ్లి ఆర్కెస్ట్రాలో నిజం ఆంప్ ముందు నిలబడితే, ప్రతి స్వరం టక్ టక్‌మని గిటార్ మెడ మీది ఫ్రెట్ కమ్మీకి కొట్టుకుంటోంది. వినబడాలని కుడిచేత్తో తీగలు పీకీ పీకీ చెయ్యి మొరటైపోయింది. అది మెత్తబడటానికి బీరువాతో గడిపినంత కాలం పట్టింది. అందుకే ఆంప్ లేకుండా రాత్రుళ్లు వాయించేవాళ్లని చూస్తే, ఆ ముక్క ఏదో కొనేయండని నేనే పోరుతాను.

కొన్నాక నాకేం జరిగిందో కూడా వినండి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను, ఇక నా మోత నాదే అనుకున్నాను. నాలుగో రోజున కింది పెద్దాయన వచ్చి, "బాబూ, గిటార్ మానేశారు, సంతోషం. ఈ రోకటిపోటు ఏంటి, అర్ధరాత్రి?" అన్నారు. చూస్తే అది నా కుడి మడమ! చెవులు మూసుకున్నాను కదా, తాళం వేస్తున్న కాలి చప్పుడు నాకు తప్ప అందరికీ వినబడుతోంది. అప్పటి నుంచి కాలి కింద పాత బొంత మడత పెడతాను. మీరూ పెట్టండి. మడమ వదిలేసి బొటనవేలితో తాళం వేయడం అలవాటైతే ఇంకా మంచిది.

హెడ్‌ఫోన్‌లో అన్నీ పెద్దగా, దగ్గరగా వినబడతాయి. దీన్ని తిట్టుకోకుండా వాడుకోండి. బొటనవేలు పికప్ మీదే ఉంచి జి తీగ వాయిస్తుంటే పైన ఇ తీగ దానంతటదే మూలుగుతూ ఉంటుంది, స్టేజీ మీద ఆ మూలుగు డ్రమ్స్‌లో కలిసిపోతుంది, హెడ్‌ఫోన్‌లో దొరికిపోతుంది. వాయించే తీగకు పై తీగ మీదికి బొటనవేలు దింపుతూ రావడం అప్పుడే నేర్చుకోవాలి. మెట్రోనోమ్ 60లో పెట్టి, ఆ టిక్కు రెండో, నాలుగో బీటు మీద పడుతున్నట్టు ఊహించుకుని కీర్తన మొత్తం వాయించి చూడండి. పది నిమిషాల్లో మన లయ ఎంతో మనకే తెలుస్తుంది, నాకైతే మొదటి వారం ఏడుపొచ్చింది.

ఒక్కటి మాత్రం ఈ ముక్క ఇవ్వదు: పాటగాళ్ల వెనక నిలబడి ఎంత తగ్గాలో. దానికి శనివారం సాయంత్రం చర్చికి గంట ముందు వెళ్లి డ్రమ్స్ వాయించే అబ్బాయితో కూర్చోండి. చార్జింగ్ ఆంప్ అయితే చార్జర్ పీకేసి వాయించండి, లేదంటే అది కూడా తంబూరాలా ఒక శ్రుతి పలుకుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. హెడ్‌ఫోన్ పెట్టుకుని బేస్ వాయిస్తూ ఉంటాడు, పిలిస్తే పలకడు. చెవులు పాడైపోతాయా?
– ఒక తల్లి, తార్నాక

పిలిస్తే పలకనంత మాత్రాన పాడైపోయినట్టు కాదమ్మా, ఆ వయసులో హెడ్‌ఫోన్ లేకపోయినా పలకరు. కానీ భయం ఊరికే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు. మోత పెరిగేకొద్దీ ఆ గంటలు చకచకా తగ్గిపోతాయి. బేస్‌తో చిక్కేమిటంటే, మన చెవికి అడుగు స్వరాలు సన్నగా వినబడతాయి కాబట్టి పిల్లలు ఇంకా కావాలని పెంచుతూ పోతారు. అబ్బాయి హెడ్‌ఫోన్ మెత్తలు చిరిగి ఉంటే మార్పించండి. చెవికి సరిగా అతుక్కుంటే మోత పెంచకుండానే బేస్ వస్తుంది. తను వాయిస్తున్నప్పుడు ఒక చెయ్యి దూరంలో నిలబడండి. హెడ్‌ఫోన్‌లోంచి పాట మీకు వినబడుతోందంటే ఎక్కువైనట్టే.

ప్రశ్న: నాది యాక్టివ్ బేస్. హెడ్‌ఫోన్ ఆంప్ కొన్నప్పటి నుంచి గిటార్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ మాటిమాటికీ అయిపోతోంది.
– ఒక పాఠకుడు, బోరబండ

వాయించాక ఆ ముక్కను గిటార్‌కే వదిలేసి పడుకుంటున్నారు కదూ? యాక్టివ్ గిటార్‌కి జాకే స్విచ్చు. అందులో పిన్ను ఉన్నంతసేపూ, ఆంప్ ఆపేసినా సరే, లోపలి బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. పీకి జేబులో వేసుకోండి.