పాత స్టీల్‌పాన్‌లో ఒక స్వరం డబ్బాలా మోగుతోంది, సుత్తితో సరిచేయొచ్చా?

మీరడిగింది: సెకండ్ హ్యాండ్‌లో కొన్న సి టెనర్ పాన్‌లో అన్నిటికన్నా కింది ‘సి’ ఖంగుమనకుండా డబ్బాలా మోగుతోంది, కింది నుంచి సుత్తితో నాలుగు తట్టొచ్చా అని. (స్టీల్‌పాన్ అంటే ఇనుప డ్రమ్ము అడుగును గిన్నెలా సాగదీసి, ఒక్కో స్వరానికి ఒక్కో గడి చేసి, రబ్బరు కొసల కర్రలతో వాయించే వాద్యం. టెనర్ అందులో ఒక రకం.)

తట్టకండి. బిందెకు సొట్ట తీసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఎందుకో చెప్పే ముందు, సుత్తితో పనిలేని కారణాలు చూసుకోండి.

మొదట కర్రలు. కొసన రబ్బరు గట్టిపడినా, పగిలి లోపలి కర్ర తగిలినా స్వరం పలకదు, టక్కుమంటుంది. రబ్బరు మార్చడం చిన్న పని. తర్వాత, పాన్ తాళ్ల మీద స్వేచ్ఛగా ఊగాలి. డ్రమ్ము గోడ స్టాండుకు ఆనితే జరజరమంటుంది. ఎండలో ఉంచిన పాన్‌ని అసలు పరీక్షించొద్దు. ఇనుము వేడెక్కితే శ్రుతి దిగుతుంది, చల్లారాక చూడండి.

ఇవన్నీ బాగుంటే ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి మెల్లగా కొట్టండి. కింది సి 262 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఇప్పుడు ఆ గడి మధ్యలో వేలు ఆనీ ఆననట్టు పెట్టి, ఒక కొసన కొట్టండి. మూలస్వరం అణిగి, అదే గడిలో దాగిన పైస్థాయి స్వరం వినపడుతుంది. అది 523 దగ్గర లేకపోతే డబ్బా మోతకు కారణం దొరికినట్టే. యాప్‌లో మూలస్వరం సరిగ్గానే చూపిస్తుంది, చెవికి మాత్రం చచ్చుగా ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంకొకటి: అదే వరుసలో లోపలి వలయంలో ఉన్న పై ‘సి’ని అరచేత్తో నొక్కి, కింది సి కొట్టండి. డబ్బా మోత పోయిందంటే తప్పు పైదానిది.

ఇక సుత్తి సంగతి. గడి చదునుగా కనిపించినా అది కాస్త ఉబ్బిన రేకు. కింది నుంచి తడితే ఉబ్బు పెరిగి శ్రుతి ఎక్కుతుంది, పైనుంచి తడితే దిగుతుంది. మూలస్వరం, పైస్థాయి మాత్రం కలిసి కదలవు. పైగా సి కి ఇరుపక్కలా ఎఫ్, జి ఉంటాయి (ట్రినిడాడ్‌కు చెందిన ఆంథొనీ విలియమ్స్ తెచ్చిన అమరిక అది). రేకు ఒక్కటే కాబట్టి సి ని లాగితే అవీ కదులుతాయి. ఒక స్వరం కోసం మొదలుపెట్టి మూడు పోగొట్టుకుంటారు.

పాన్‌లను శ్రుతి చేసే మనిషి (పాన్ ట్యూనర్) దగ్గరికి తీసుకెళ్లండి. గిన్నెలో కర్రలు, పుస్తకాలు పడేసి మోయొద్దు. మీరు వాయించే కర్రలు మాత్రం విడిగా పట్టుకెళ్లండి, ఆయన వాటితోనే విని చూడాలి.