గావియా దిగేటప్పుడు

బుజ్జీ,

జూన్‌లో నువ్వు ఇటలీ వెళ్ళి గావియా కనుమ సైకిల్ మీద ఎక్కుతావట. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మాటైతే వింటుంది, మానెయ్యమను తమ్ముడూ" అంది. మానెయ్యమని నేను చెప్పను. పొద్దున్నే వీధిలో కనిపించిన ప్రతివాడికీ మా మేనకోడలు ఫలానా కొండ ఎక్కబోతోందని చెప్పుకుని వచ్చాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఎక్కడం గురించి నాకు బెంగ లేదు. సైకిల్ సర్వీసింగ్ చేయించు, చిన్న గేరు వేయించు, ఆకలి కాకముందే తింటూ ఉండు. పోంటే డి లెన్యో నుంచి 17 కిలోమీటర్ల ఎక్కుడు నువ్వు తొక్కెయ్యగలవు. నా టెన్షనంతా అవతల బోర్మియోకి దిగే పాతిక కిలోమీటర్ల గురించే.

1988 జూన్ 5న గిరో డి ఇటాలియా, అదే, ఇటలీ అంతా రోజుకో స్టేజిగా తొక్కే పెద్ద సైకిల్ పందెం, ఆ దారినే వెళ్ళింది. జూన్ నెలలో మంచు కురిసింది! పైన మట్టిరోడ్డు బురదైపోయింది. డచ్ వాడు యోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టి చేతుల జెర్సీతోనే అందరికంటే ముందు కనుమ దాటాడు. దిగడం మొదలుపెట్టాక చలికి కొయ్యబారిపోయాడు. ఆగి ఒళ్ళు కాచుకుని కిందికి చేరేసరికి 40 నిమిషాలకు పైగా పోయాయి. అమెరికా వాడు ఆండీ హాంప్‌స్టెన్ జట్టువాళ్ళు ఆ పొద్దున్నే దుకాణానికి పరుగెత్తి గ్లౌజులు, చలిబట్టలు కొని దారిలో అందించారు. ఆ రోజు స్టేజి 7 సెకన్ల తేడాతో ఎరిక్ బ్రూకింక్‌కి పోయినా, మొత్తం పందెంలో ముందున్నవాడు వేసుకునే గులాబీ జెర్సీ హాంప్‌స్టెన్‌కి దక్కింది. ఆ ఏడాది గిరో గెలిచిందీ అతనే.

ఇదంతా నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ముందే తెలిసుంటే నా చెయ్యి విరిగేది కాదు.

1991 డిసెంబరులో నేనూ నా స్నేహితుడూ నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కాం. రాడ్ బ్రేకుల పాత సైకిళ్ళు. మీ అమ్మమ్మ బయల్దేరేటప్పుడు స్వెటర్ చేతిలో పెట్టింది. బరువెందుకని కొండ కింద టీ కొట్టులో వదిలేశాను. సగం తొక్కుతూ, సగం తోసుకుంటూ పైకి చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఒళ్ళు వేడిగా ఉంది కదా, చలి తెలియలేదు. ఓ గ్లాసు టీ తాగి, తడి చొక్కాతోనే మంచులోకి దిగాను.

రెండు మలుపులు దాటానో లేదో వణుకు పట్టుకుంది. దిగేటప్పుడు తొక్కే పని ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు. గాలేమో తడిబట్టలోంచి ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. మలుపు కనిపిస్తోంది, బ్రేకు పట్టాలని తెలుసు, వేళ్ళు ముడుచుకోవు! ఆ క్షణం ఇప్పటికీ కలలో వస్తుంది తల్లీ. కల్వర్టు గోడకి కొట్టుకుని ఎడమ మణికట్టు విరిగింది. గోడ లేకపోతే లోయలోకే. నా స్నేహితుడు తన చొక్కా విప్పి నాకు చుట్టి, జీపు దొరికేదాకా పక్కనే వణుకుతూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక మీ అమ్మమ్మ ఒక్క మాట అనలేదు. స్వెటర్ ఏదని మాత్రం అడిగింది.

పైన ఫోటోల కోసం తడిబట్టల్లో నిలబడ్డావంటే ఊరుకోను. ముందు పొడి బనియను మార్చుకో, ఛాతీ దగ్గర రెండు న్యూస్ పేపర్లు పెట్టుకో, గాలి చొరని కోటు వేసుకో. వేళ్ళు మొద్దుబారితే అక్కడే ఆగు. ఎవరి కారైనా ఆపి ఎక్కు, సిగ్గుపడకు. నా సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని "ఇంకా జోరుగా మావయ్యా" అని అరిచినదానివి నువ్వు. అందుకే ఇంత చెప్తున్నాను.

ఊలు గ్లౌజులు రెండు జతలు పార్సెల్ చేశాను. ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి. రెండోది పైకి చేరేదాకా కవర్లోంచి తియ్యకు. కొండ మీంచి నాకు ఫోన్ చెయ్యాలని గ్లౌజులు విప్పొద్దు. బోర్మియో చేరి, వేడిగా ఏదైనా తాగాక చెయ్యి. ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ మావయ్య