చదువు సందేహాలు: ఇంగ్లిష్ పరీక్షకు తెలుగు తోడు

ప్రశ్న: పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఎ. చేయాలన్న కోరికతో సీయూఈటీ (విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయబోతున్నాను. రోజుకు యాభై ఇంగ్లిష్ పదాలు అర్థాలతో సహా బట్టీ పడుతున్నా, మాక్ టెస్టులో 25 సరిగ్గా, 15 తప్పుగా పెట్టి 10 వదిలేశాను. 250కి 110 వచ్చాయి. వ్యాకరణం, గద్యభాగాలు రెండూ దెబ్బతీస్తున్నాయి. నాలుగు నెలల్లో ఏం చేయాలి? (ఒక విద్యార్థిని, సూర్యాపేట)

జవాబు: మార్కులతో పాటు ఎన్ని తప్పాయో, ఎన్ని వదిలేశారో కూడా రాసి మంచి పని చేశారు. ఇంగ్లిష్ పేపరులో 50 ప్రశ్నలకు 60 నిమిషాలు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. గద్యభాగాలు, వాక్యపు ముక్కలను వరుసలో పెట్టడం, ఖాళీలో తగిన పదం నింపడం, పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు కలిసి ఉండే ఈ పేపరులో పదానికి అర్థం విడిగా అడిగే ప్రశ్నలు కొన్ని మాత్రమే. మీ సమయం మాత్రం దాదాపు అంతా వాటికే పోతోంది.

వ్యాకరణంతో మొదలుపెడదాం. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ‘తెలుగులో ఆలోచించడం మానండి’ అన్న సలహా తరచూ వింటుంటారు. నేను ఆ సలహా ఇవ్వను, ఎందుకంటే ఏ తప్పు తెలుగు వల్ల వస్తోందో, ఏ తప్పును తెలుగే దిద్దగలదో విడదీసి చూసుకుంటే సగం పని అయిపోతుంది. ‘రెండేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను’ అనే వాక్యాన్ని మనవాళ్లు ‘ఐ యామ్ లివింగ్ హియర్ ఫ్రమ్ టూ ఇయర్స్’ అంటారు. మన ‘నుంచి’ ఒక్కటే చోటుకూ, కాలానికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో గడిచిన వ్యవధికి ‘ఫర్’, మొదలైన సమయానికి ‘సిన్స్’ వాడి, క్రియను ‘హావ్ బీన్ లివింగ్’గా మార్చాలి. ‘గురించి చర్చించాము’ అనే అలవాటు కొద్దీ ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ చేర్చడమూ ఇలాంటిదే. ఇవి తెలుగు తెచ్చిపెట్టే తప్పులు.

ఇక తెలుగు ఆదుకునే చోట్లు చూడండి. ‘ఎ’ వాడాలా, ‘యాన్’ వాడాలా అన్న అనుమానం వస్తే ఆ తర్వాతి పదాన్ని పలికినట్టే తెలుగు లిపిలో రాయండి. యూనివర్సిటీ హల్లుతో మొదలవుతుంది కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. అవర్ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ‘యాన్ అవర్’. స్పెల్లింగు చూసి మోసపోయే ఇంగ్లిష్ మాధ్యమం పిల్లల కంటే ఇక్కడ మీరే ఒక అడుగు ముందుంటారు. అలాగే ‘ద క్వాలిటీ ఆఫ్ దీజ్ మ్యాంగోస్’ తర్వాత ‘ఈజ్’ రావాలా, ‘ఆర్’ రావాలా? ఇంగ్లిష్‌లో క్రియకు దగ్గరగా బహువచనంలో ఉన్న మ్యాంగోస్ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. తెలుగులోకి తిప్పితే ‘ఈ మామిడిపండ్ల నాణ్యత బాగుంది’ అవుతుంది; అసలు కర్త క్రియ పక్కకు వచ్చి కూర్చుంటుంది, ‘నాణ్యత బాగున్నాయి’ అని మీ నోరు పలకదు. అందువల్ల జవాబు ‘ఈజ్’.

పదాలను రోజుకు పదికి తగ్గించి, ఒక్కోదాన్ని అది కనిపించిన వాక్యంతో సహా రాసుకోండి. ‘చీప్’, ‘ఇనెక్స్‌పెన్సివ్’ రెండూ తక్కువ ధరనే చెప్పినా, మొదటిదానికి నాసిరకమన్న ఛాయ కూడా ఉంది. అర్థాల పట్టికలో ఆ తేడా కనబడదు. మన వాడుకలో రూపు మారిన ఇంగ్లిష్ మాటలతోనూ జాగ్రత్త. మనం కాలేజీ నుంచి ‘పాస్ అవుట్’ అయ్యామని గర్వంగా చెప్పుకుంటాం, చాలా దేశాల్లో దానికి స్పృహ తప్పి పడిపోవడమని అర్థం!

గద్యభాగాల్లో తప్పు జవాబులు ఎలా తయారవుతాయో తెలిస్తే సరైనది తేలిగ్గా దొరుకుతుంది. ‘పూడిక తీసిన తర్వాత కొన్ని గ్రామాల బావుల్లో నీటిమట్టం పెరిగింది’ అని గద్యభాగంలో ఉందనుకుందాం. ‘పూడిక తీస్తే నీటి కొరత ఎక్కడైనా తీరుతుంది’ అన్న ఐచ్ఛికం ‘కొన్ని’ని ‘ఎక్కడైనా’గా సాగదీసింది. ‘చెరువులు పల్లెలకు ప్రాణాధారం’ అన్న ఐచ్ఛికం నిజమే కావచ్చు, కానీ గద్యభాగంలో ఆ మాట లేదు. ఈ రెండో రకానికే ఎక్కువమంది చిక్కుతారు, ఎందుకంటే మనకు ముందే తెలిసిన విషయం జవాబులా కనిపిస్తుంది. మాక్ టెస్టులో తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా మీ జవాబు ఏ రకమైన తప్పో ఒక మాటలో రాయండి. ఆ నోటుబుక్కు మీకు కొన్న పుస్తకాల కంటే ఎక్కువ పనికొస్తుంది. పరీక్ష కంప్యూటరు మీద జరుగుతుంది, పెన్సిలుతో గీతలు గీసే వీలుండదు కనుక వారంలో కొన్ని రోజులైనా తెర మీదే చదవండి.

వదిలేసిన పదింటి సంగతి. నాలుగు ఐచ్ఛికాల్లో రెండు కచ్చితంగా తప్పని తేలాక మిగిలిన రెండింట్లో ఒకటి పెడితే, ప్రశ్నకు సగటున 2 మార్కులు కలిసివస్తాయి. ఏమీ తెలియకుండా పెట్టినా సగటున అర మార్కు లాభమే. కాబట్టి చివరి రెండు నిమిషాలు ఖాళీలు నింపడానికి దాచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లిష్ పత్రిక చదువుతూ ప్రతి పదానికీ ఫోనులో అర్థం వెతుకుతాడు. ఒక్క సంపాదకీయానికి గంటన్నర పడుతోంది. ఇది సరైన పద్ధతేనా? (ఒక తండ్రి, అనకాపల్లి)

జవాబు: ఓపిక మెచ్చదగినదే కానీ, పరీక్షలో ఫోను ఉండదు. మొదటిసారి ఫోను పక్కన పెట్టి చివరి దాకా చదివి, రచయిత ఏమంటున్నాడో రెండు వాక్యాల్లో మీకు తెలుగులో చెప్పమనండి. రెండోసారి చదివేటప్పుడు, అర్థం తెలియక వాక్యమే ఆగిపోయిన పదాలు అయిదింటికి మించకుండా వెతుక్కోవచ్చు. సంపాదకీయం బరువుగా ఉంటే నెల రోజులు క్రీడల పేజీ చదవనివ్వండి. నిన్న చూసిన మ్యాచ్ గురించి చదివేటప్పుడు తెలియని పదానికి అర్థం సందర్భమే చెబుతుంది.