నాలుగు క్లినిక్కులకూ ఒకటే పుస్తకం

ప్రశ్న: మాది పాకాల. అమ్మకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. వాటికి ఇక్కడే చూపిస్తాం. మోకాళ్ల నొప్పులకు చిత్తూరు, ఏడాదికోసారి వేలూరు. ఎవరి చీటీ వారిదే. మా దగ్గరున్న నలుగురు డాక్టర్లూ కలిసి ఇలాంటి వాళ్లను చూసుకునే పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు: ఉందండీ, దానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. అమ్మ చేతిలో ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏ క్లినిక్కుకు వెళ్లినా ముందు అదే బల్లమీద పెట్టాలి, డాక్టరు అందులోనే రాయాలి: తేదీ, బీపీ, షుగరు పరగడుపున చూసిందా, తిన్న రెండు గంటలకు చూసిందా, మందు, మోతాదు.

మందును కంపెనీ పేరుతో కాక అసలు పేరుతో రాయాలని డాక్టర్లు ముందే ఒప్పుకోవాలి. చిక్కంతా ఇక్కడే. పాకాలలో ఒక పేరుతో, చిత్తూరులో ఇంకో పేరుతో ఇచ్చినవి రెండూ ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు 5 మిల్లీగ్రాములే కావచ్చు. తెలియక రెండూ మింగితే 10 అవుతుంది, పాదాలు వాస్తాయి. ఆ వాపు చూసి మూడో డాక్టరు నీళ్లు పోయే మాత్ర రాస్తారు. మోకాళ్లకు ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్ అనే బీపీ మందు‌తో పాటు నీళ్ల మాత్ర కూడా వాడే వాళ్లకైతే ఆ నొప్పి మాత్రల వల్ల కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో, ఎప్పుడు చేయించారో మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయించండి. ఆ పరీక్షా, మూత్రంలో ఆల్బుమిన్, కంటి రెటీనా పరీక్షా ఏడాదికోసారి తప్పనిసరి. గత మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) షుగరు అదుపులో లేకుంటే 3 నెలలకోసారి, ఉంటే 6 నెలలకోసారి.

బీపీ ఒకచోట 150, ఇంకోచోట 130 వచ్చిందంటే మందు మార్చేముందు చేతికి కట్టే పట్టీని చూడాలి. లోపలి గాలిసంచి పైచేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. మెట్లెక్కి వచ్చిన మనిషిని 5 నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టించి, చేయి గుండె ఎత్తున ఉంచి, మాట్లాడించకుండా చూడాలి. నిమిషం ఆగి రెండోసారి. అప్పుడప్పుడూ నాలుగు మిషన్లనూ ఒకే మనిషికి కట్టి పోల్చుకుంటే, ఏది తప్పు చూపిస్తోందో అక్కడే బయటపడుతుంది.

పుస్తకం ఉన్నా, ఒంట్లో బాగుందని మాత్రలు మానేసి రాకుండా పోయేవాళ్లతోనే అసలు కష్టం. నాలుగు క్లినిక్కులకూ కలిపి ఒక నర్సుకు రిజిస్టరు అప్పగించాలి. రావలసిన తేదీ దాటి వారమైతే ఫోను, ఎత్తకపోతే ఆశా కార్యకర్తకు కబురు. ఫోను నంబరు పంచుకోవడానికి రోగి ఒప్పుకోలు ముందే రాయించుకోవాలి. తమ రోగి వేరే క్లినిక్కుకు జారిపోతాడని డాక్టర్లకు బెంగ ఉంటుంది, అది సహజమే. పంపిన మనిషి తిరిగి మొదటి డాక్టరు దగ్గరికే రావాలన్న నియమం పెట్టుకోకపోతే ఈ ఏర్పాటు మూడు నెలలు నిలవదు.

గుండెనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, ఒకవైపు చేయి పడిపోయినా మాత్రం పుస్తకం కోసం వెతకొద్దు, 108కి ఫోను చేయండి.

ప్రశ్న: తిరుపతిలో మా వీధిలో జ్వరాలు వరసగా వస్తున్నాయి. ఎవరి డాక్టరు వారికి. డెంగీ అని ముందే పసిగట్టేదెలా?

జవాబు: ఓపీ చీటీలో వీధి పేరు రాస్తే చాలావరకు దొరికిపోతుంది. చుట్టుపక్కల క్లినిక్కులు రోజూ సాయంత్రం వీధి, వయసు, జ్వరం ఎన్నో రోజు అన్నది పేర్లు లేకుండా ఒకరికొకరు పంపుకోవాలి. ఒకే వీధిలో వారంలో రెండు మూడు తగిలితే కార్పొరేషన్ ఆరోగ్య విభాగానికి చెప్పాలి. జ్వరం వచ్చిన మొదటి 5 రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్‌ను పట్టేది), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో తయారైన యాంటీబాడీలను పట్టేది) రక్తపరీక్ష. రోజు లెక్క తప్పితే డెంగీ ఉన్నా లేదనే రావచ్చు. మీ వంతుగా తొట్టి నీళ్లు వారానికోసారి పారబోయడంతో ఆపకండి, గోడలను లోపల బ్రష్షుతో రుద్దండి. దోమ గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుని ఉంటాయి, ఎండినా చావవు. ఫ్రిజ్ వెనక ట్రే కూడా ఒకసారి లాగి చూడండి.