కత్తి మీద పేరున్నంత మాత్రాన కత్తి ఆయనదేనా?

ప్రశ్న: మా తాతగారు వాల్తేరులో ఒక ఇంగ్లీషు కుటుంబం దగ్గర గుమాస్తాగా పనిచేశారు. 1947లో వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతూ కొంత సామానుతో పాటు ఒక పాత మిలిటరీ కత్తిని ఆయనకు ఇచ్చారు. ఒక మేజరుకు తోటి అధికారులు 1891లో బహూకరించినట్టు దాని మీద చెక్కి ఉంది. ఇప్పుడు ఆ మేజరు మునిమనవడినంటూ ఇంగ్లండు నుంచి ఒకాయన మెయిల్ పెట్టారు. కత్తి తమదట, పంపించేయమంటున్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయేమో సూట్‌కేసులో పెట్టుకుని తీసుకెళ్తానంటున్నాడు. తాతగారు 1978లో వీలునామా రాయకుండానే పోయారు కాబట్టి మా మేనత్తలు తమకూ వాటా ఉందంటున్నారు. అసలు కత్తి ఇంట్లో ఉంచుకోవడమే నేరమని ఇంకొకరు భయపెట్టారు. అంతా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు మీ అబ్బాయికి ఫోన్ చేసి సూట్‌కేసు ఆలోచన మానుకోమని గట్టిగా చెప్పండి. మిగతావన్నీ తీరిగ్గా తేల్చుకోవచ్చు. వందేళ్ళు దాటిన, చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు. దాటించే ప్రయత్నం చేసినా సరే, ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, పైగా జరిమానా. వస్తువు మీ సొంతమైనా ఇదే రూలు. ఒకవేళ మీరే ఇష్టపడి ఆ మునిమనవడికి ఇచ్చేద్దామనుకున్నా పార్శిల్ కట్టి పంపడం కుదరదు.

ఇక హక్కు సంగతి. బహూకరించిన కత్తి రెజిమెంటుది కాదు, అందుకున్న మేజరు సొంతం. ఆయన తర్వాత ఆయన వారసులది. అంతవరకు మెయిల్ పెట్టినాయన మాట సబబే. కానీ కత్తి మీద చెక్కిన అక్షరాలు 1891లో దాన్ని ఎవరు అందుకున్నారో చెబుతాయి, అంతే. అంతకుముందు ఎవరిది, ఆ తర్వాత ఎవరి చేతికి వెళ్ళింది అన్నది వాటిలో ఉండదు. 2023లో లండన్ వేలంలో దాదాపు 1.4 కోట్ల పౌండ్లు పలికిన టిప్పు సుల్తాన్ కత్తినే చూడండి. సైన్యం బ్రిటిష్ జనరల్ బెయిర్డ్‌కు బహూకరించినట్టు దాని మీద రాసి ఉంది. అంతకుముందు అది 1799లో శ్రీరంగపట్నం కోటలో పోరాడి చనిపోయిన రాజుది.

మీ విషయంలో అసలు ముడి 1947 దగ్గరుంది. కదిలే ఆస్తిని బహుమతిగా ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇచ్చే ఉద్దేశంతో చేతికి అందిస్తే చాలు, ఆస్తి బదలాయింపు చట్టం 123వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. అయితే ఇచ్చినవాళ్ళకు ఇచ్చే హక్కు ఉండాలి కదా! వాల్తేరు కుటుంబం ఆ మేజరు వారసులేనా, లేక కత్తిని వాళ్ళ దగ్గర కేవలం దాచమని ఇచ్చారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. తనది కానిదాన్ని ఎవరు ఇచ్చినా, ఎంత మంచి మనసుతో ఇచ్చినా, పుచ్చుకున్నవారికి హక్కు రాదు.

ఇందుకు మన హైదరాబాదు కత్తే మంచి ఉదాహరణ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1903 ఢిల్లీ దర్బారులో ప్రదర్శించిన తల్వార్‌ను 1905లో నిజాం ప్రధానమంత్రి కిషన్ పర్షాద్ నుంచి బ్రిటిష్ జనరల్ ఆర్చిబాల్డ్ హంటర్ కొన్నాడు. 1978లో హంటర్ కుటుంబం దాన్ని స్కాట్లండులోని గ్లాస్గో మ్యూజియాలకు ఇచ్చింది. కాగితం మీద అది కొనుగోలే. అయినా అది నిజాం సేకరణ నుంచి దొంగతనంగా బయటికి వచ్చిందని మ్యూజియంవాళ్ళే అంగీకరించి, 2022 ఆగస్టులో భారత్‌కు తిరిగి ఇవ్వడానికి సంతకాలు చేశారు. అది కోర్టు తీర్పు కాదు, వాళ్ళంతట వాళ్ళు తీసుకున్న నిర్ణయం. కానీ వాళ్ళు వేసుకున్న ప్రశ్న సరైనది: అమ్మినవారికి అమ్మే హక్కు ఉందా?

డెబ్బై ఏళ్ళు దాటింది కాబట్టి ఎవరూ అడగలేరని ధీమాగా ఉండకండి. పోయిన, లేదా దొంగిలించిన వస్తువు కోసం దావా వేయడానికి గడువు మూడేళ్ళు. అయితే ఆ లెక్క దొంగతనం జరిగిన రోజు నుంచి కాదు, అది ఎవరి దగ్గరుందో హక్కుదారుకు తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. అలాగని మీరు భయపడాల్సిన పనీ లేదు. వస్తువు ఎవరి స్వాధీనంలో ఉందో వారే యజమాని అని చట్టం ముందు అనుకుంటుంది (భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 113). కాదని నిరూపించాల్సిన బరువు అవతలివాళ్ళదే.

అందుకే తాతగారి పాత పెట్టె తెరవండి. సామాను లిస్టు, ఆ దొరగారి ఉత్తరం, సర్వీసు సర్టిఫికెట్, పాత ఫొటో, ఏది దొరికినా బంగారమే. కత్తి వీపు మీద, పిడికి దగ్గరలో సన్నటి అంకెలున్నాయేమో చూడండి. ఇంగ్లండులో కత్తులు చేసే విల్కిన్‌సన్ కంపెనీ 1854 నుంచి కత్తులకు నంబర్లు వేసి రిజిస్టరు రాసేది. చేసింది ఆ కంపెనీయే అయితే, మొదట ఎవరి కోసం చేశారో దాన్నిబట్టి తెలిసే అవకాశం ఉంది. దయచేసి చింతపండుతో గానీ పాలిష్‌తో గానీ తోమకండి. ఆ అక్షరాల లోతు చాలా తక్కువ. అవి అరిగిపోతే ఉన్న సాక్ష్యం కాస్తా పోతుంది.

ఆయుధాల చట్టంలో కత్తి కూడా ఆయుధమే. కాకపోతే తుపాకీలా కాకుండా, 4వ సెక్షన్ కింద కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే దీనికి లైసెన్సు కావాలి. మీ ప్రాంతం సంగతి పోలీసు కమిషనరేట్‌లో అడిగి, ఫొటోలు జతచేసి ఒక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. పెళ్ళి ఊరేగింపులకూ, కేకు కోయడానికీ మాత్రం బయటికి తీయవద్దు.

మేనత్తల మాట నిజమే. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో పాటు కూతుళ్ళకూ సమాన వాటా ఉంది. వాళ్ళ సంతకాలు లేకుండా అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి.

ఇంగ్లండు ఆయనకు మర్యాదగా జవాబివ్వండి. వంశవృక్షం, వీలునామా, కత్తి ఎప్పుడు ఎలా పోయిందో చెప్పే కాగితాలు పంపమనండి. చట్టప్రకారం దేశం దాటించలేమని స్పష్టంగా రాయండి. చెక్కిన అక్షరాల ఫొటోలు మాత్రం పంపండి, ముత్తాత జ్ఞాపకం చూసుకోవాలని ఆయనకూ ఉంటుంది. "మీదే" అని గానీ "మాదే" అని గానీ ఆ మెయిల్‌లో ఒక్క మాట కూడా రాయకండి. పంపేముందు స్థానిక లాయరుకు ఒకసారి చూపించండి.