పుస్తకం రెండు వారాలు పక్కన పెట్టు

అమ్మాయీ,

కరోనా మూతల తర్వాత ఈ 2021 సెప్టెంబరు 1న బడి తెరిచిన దగ్గర్నుంచి గొంతు పోయిందనీ, నిద్ర పట్టడం లేదనీ, పిల్లల మీద అరిచి ఇంటికొచ్చి బాధపడుతున్నావనీ రాశావు. ముందు ఒక లెక్క చూసుకో. నీ మూడో తరగతి పిల్లలు బడిలో చివరిసారి కూర్చున్నది 2020 మార్చిలో, ఒకటో తరగతిలో. పరీక్షల్లేకుండా రెండు మెట్లు ఎక్కారు. నిరుడు మన తెలంగాణలో టీవీ పాఠాలు మూడో తరగతి నుంచే వచ్చాయి కాబట్టి వీళ్లకు అవీ లేవు. ఈ స్థితిలో సిలబస్ పట్టుకుని పరుగెత్తితే వాళ్లకూ నీకూ ఏడుపే.

రెండు వారాలు పుస్తకం తెరవకు. ఒక్కొక్కరినీ పిలిచి మూడు నిమిషాలు చూడు: పది అక్షరాలు, పది సరళ పదాలు, అయిదు ఒత్తు పదాలు, ఒక తీసివేత. రోజుకు పదిమంది చాలు. మార్కులొద్దు, ఎక్కడ ఆగారో పేరు పక్కన రాసుకో. 'అమ్మ' గడగడా చదివినవాడు 'బస్తా' దగ్గర నోరు మూసేస్తాడు. మొదటిది బొమ్మలా గుర్తుంది, రెండోది కూడబలుక్కోవాలి. వాడికి ఒక వారం ద్విత్వాలు (అక్షరానికి అదే అక్షరం ఒత్తు), తర్వాతే సంయుక్తాలు (వేరే అక్షరం ఒత్తు). తీసివేతకు పదేసి పుల్లల కట్టలు కట్టు. 42లోంచి 17 తీయాలంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ఇవ్వు. ఒక కట్ట విప్పితే తప్ప ఏడు రావని వాడి చేతికే తెలియాలి.

అలసట పాఠంలోకి దూరేది చూచిరాత రూపంలో. ఓపిక లేని రోజు బోర్డు నిండా ప్రశ్న జవాబులు రాసి ఎక్కించుకోమంటాం. గది నిశ్శబ్దంగా ఉంటుంది, నోటు పుస్తకం ముచ్చటగా ఉంటుంది, రాసింది చదవమంటే పిల్ల దిక్కులు చూస్తుంది. అలాంటి రోజు పాఠాన్ని సగానికి కోసెయ్. ఆ సగమే జంటల్లో చదివించు, నువ్వు కూర్చుని విను.

మాస్కుందని గొంతు పెంచకు. పెదవులు కనిపించక 'మ', 'న' తికమకపడతారు, అందుకే పలికే ముందు బోర్డు మీద రాయి. పిల్లల్ని పిలవడానికి చప్పట్లు చాలు. పీరియడుకోసారి గుక్కెడు నీళ్లు తాగు.

వాట్సాప్ గ్రూపు సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకానే అని తల్లిదండ్రులకు చెప్పు. నాలుగు రోజులు సణుగుతారు, తర్వాత అలవాటైపోతుంది. పై ఆఫీసు రిపోర్టులకు మాత్రం ఈ ఉపాయం పనిచెయ్యదు, అవి బళ్లోనే ముగించుకుని రా.

'రేపు మీ నాన్నను తీసుకురా' అనే మాట మానెయ్. ఈ రెండేళ్లలో ఎవరింట్లో ఎవరు పోయారో ముందే విడిగా కనుక్కో, తరగతిలో అడగొద్దు.

నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకో. మనసు బాగోలేనప్పుడు సలహా చెప్పడానికి కేంద్రం పెట్టిన మనోదర్పణ్ ఫోన్ నంబరు 8448440632 టీచర్లకు కూడా, మొహమాటపడకు.

అన్నట్టు, కట్టలకు చీపురు పుల్లలు వాడకు, గుచ్చుకుంటాయి. ఐస్‌ఫ్రూట్ పుల్లలు నయం.

ఆశీస్సులతో,
పెదనాన్న