నాసిక్ సెల్లార్‌లో చేరబోతున్న మేనకోడలికి

ధర్మాబాద్,
నాందేడ్ జిల్లా.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నాసిక్ దగ్గరి వైనరీలో, బుడగలు పొంగే స్పార్క్లింగ్ వైన్ తయారుచేసే విభాగంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషించాను. మైక్రోబయాలజీ చదివిన నీకు ఈస్టు గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. కానీ ఇరవై ఆరేళ్లు నాసిక్ జిల్లా సెల్లార్లలో పనిచేసినవాడిని కనుక, ఆ ఈస్టు సీసాలోకి దిగిన తరువాత ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. మన పక్కనుంచి బాసర వైపు సాగే గోదావరి పుట్టింది నువ్వు వెళ్తున్న ఆ జిల్లాలోని త్ర్యంబకేశ్వరంలోనే కదా, కొత్త చోటికి వెళ్తున్నానని బెంగ పెట్టుకోవద్దు.

ముందుగా ఒక విషయం మనసులో నిలుపుకో. చక్కెరను తిని ఈస్టు ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ ఇస్తుంది. మామూలు వైన్‌లో ఆ వాయువును గాలిలోకి పోనిస్తాం, స్పార్క్లింగ్ వైన్‌లో దాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచుతాం. తెల్లవారుజామున దింపిన ఈతకల్లును మూత బిగించిన డబ్బాలో పోసి ఎండలో పెడితే ఏమవుతుందో మన ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాయువును సీసాలో పట్టామా, ట్యాంకులో పట్టామా, ఆ తరువాత వైన్‌ను అడుగున దిగిన ఈస్టు మడ్డితో కలిపి ఎంతకాలం ఉంచాం అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే, ఏ దేశపు స్పార్క్లింగ్ వైన్ అయినా ఎందుకు అలా ఉందో నీకు చాలావరకు అర్థమవుతుంది.

అసలు పని తోటలోనే మొదలవుతుంది కనుక నువ్వు సెల్లార్‌లో ఉద్యోగివైనా కోతల సమయంలో తప్పకుండా తోటకు వెళ్లు. మామూలు వైన్‌కు ద్రాక్షను 22 నుంచి 24 బ్రిక్స్ (రసంలోని చక్కెరను చూపే కొలత) వరకు పండనిస్తారు. మనకు 17 నుంచి 19 బ్రిక్స్ దగ్గరే కోయాలి, ఎందుకంటే మనకు కావలసింది పులుపు. వెచ్చని ప్రాంతంలో కాయ పండేకొద్దీ అందులోని మాలిక్ ఆమ్లం త్వరగా కరిగిపోతుంది, అలా పోయిన పులుపుతో పాటు వైన్‌కు ఉండవలసిన చురుకూ పోతుంది. వేడిలో కూడా పులుపును నిలుపుకునే గుణం ఉన్నందువల్లే షెనిన్ బ్లాంక్ రకం నాసిక్‌లో ఇంతగా స్థిరపడింది. మీటరు చూపించే అంకెను మాత్రమే నమ్మవద్దు. మన మిర్చి మార్కెట్లో అనుభవమున్న వ్యాపారి రంగు చూసి ఊరుకోడు, కాయను విరిచి వాసన చూసి, గింజను నలిపి చూస్తాడు. నువ్వూ అలాగే వరుసకు నాలుగు పళ్లు నోట్లో వేసుకుని చూడు. చల్లని వేళలో కోసిన గుత్తులను, కాడనుంచి పళ్లు విడదీయకుండా, యథాతథంగా మెల్లగా పిండాలి. ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో 4000 కిలోల ద్రాక్షకు మొదటి 2050 లీటర్ల రసాన్ని మేలైనదిగా వేరుచేసి, ఆ తరువాతి 500 లీటర్లను తక్కువ తరగతిగా లెక్కిస్తారు. అంత మెల్లగా పిండుతారు కనుకనే పినో న్వార్ వంటి నల్లద్రాక్ష నుంచి కూడా తెల్లని వైన్ వస్తుంది.

ఈ రసం మొదటిసారి పులిసి తయారైన, ఇంకా బుడగలు లేని బేస్ వైన్‌ను రుచి చూసినప్పుడు నీకు నిరుత్సాహం కలగవచ్చు. సుమారు పదిన్నర శాతం ఆల్కహాలుతో, పళ్లు పులిసేంత పుల్లగా, పలుచగా ఉంటుంది, అది అలాగే ఉండాలి. సాంప్రదాయిక పద్ధతిలో దీనికి చక్కెరనూ, ముందే ఆల్కహాలుకు అలవాటుపరచిన ఈస్టునూ కలిపి సీసాల్లో నింపి, సోడాబుడ్డి మూత వంటి ఇనుప మూత బిగిస్తాం. లీటరుకు నాలుగు గ్రాముల చక్కెర దాదాపు ఒక అట్మాస్ఫియర్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఒత్తిడినిస్తుంది కనుక, ఆరు అట్మాస్ఫియర్లు కావాలంటే లీటరుకు 24 గ్రాములు కలపాలి. అది కారు టైరులోని ఒత్తిడికి రెండింతలకు పైగానే ఉంటుంది.

ఈ లెక్క దగ్గర నేను ఒకసారి తప్పు చేశాను. అప్పుడు పనిచేస్తున్న వైనరీలో, బేస్ వైన్‌లో ఇంకా కొన్ని గ్రాముల చక్కెర మిగిలి ఉందని పరీక్షించి చూసుకోకుండా, పూర్తిగా పులిసిందన్న నమ్మకంతో 24 గ్రాములూ కలిపేశాను. రెండు నెలల తరువాత ఒక మధ్యాహ్నం ఒక సీసా పేలింది, దాని దెబ్బకు పక్కవి మరికొన్ని పేలాయి. నా ఎడమ కనుబొమ్మ మీద ఉన్న మచ్చ చిన్నప్పుడు చెట్టు మీదనుంచి పడితే వచ్చిందని నీకు చెప్పాను గానీ, అది ఆనాటి గాజుముక్క చేసిన గాయం. కొంచెం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. కాబట్టి మిగిలిన చక్కెరను కొలవకుండా కొత్త చక్కెర కలపవద్దు, ముఖానికి జాలీ తొడుగు లేకుండా సీసాల వరుసల మధ్యకు వెళ్లవద్దు. ఇతరులు తొడుక్కోకపోయినా నువ్వు తొడుక్కో.

సీసాలో పులియడం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ముగుస్తుంది, కానీ అసలైన మార్పు అప్పుడే మొదలవుతుంది. చనిపోయిన ఈస్టు కణాలు నెమ్మదిగా విచ్చుకుని తమలోని పదార్థాలను వైన్‌లోకి వదులుతాయి. వాటివల్ల బేకరీలో అప్పుడే తీసిన బన్ను వాసన, వేయించిన బాదం వాసన, నోటికి ఒక మెత్తదనం వస్తాయి. షాంపేన్‌కు సీసాలో నింపిన నాటినుంచి కనీసం 15 నెలలు ఆగాలి, అందులో 12 నెలలు మడ్డితోనే ఉండాలి. ఒకే సంవత్సరపు పంటతో చేసినదానికైతే మూడేళ్లు. స్పెయిన్ స్పార్క్లింగ్ వైన్ అయిన కావాకు తొమ్మిది నెలలు, అందులో పై తరగతులైన రిజర్వాకు 18, గ్రాన్ రిజర్వాకు 30, ఇటలీలోని ఫ్రాంచకోర్తా వైన్‌కు 18. ఇన్ని నెలలు సరుకు కదలకుండా ఉంటే డబ్బు స్తంభించిపోతుందని ఆఫీసువాళ్లు తొందరపెడతారు. వాళ్ల బాధ కూడా నిజమే, కానీ ఏడు నెలలకే తీసిన సీసాను, 18 నెలలు ఉంచిన సీసాను పక్కపక్కన పెట్టి వాళ్లచేతే రుచి చూపించు.

మడ్డిని సీసా మెడలోకి దించడానికి పూర్వం చేతితో రోజూ కొద్దికొద్దిగా తిప్పేవారు, ఇప్పుడు యంత్రం వారం రోజుల్లో ఆ పని చేస్తుంది. తరువాత మెడను సుమారు సున్నాకు 25 డిగ్రీల దిగువన ఉండే ద్రావణంలో ముంచి, మడ్డిని మంచుబిళ్లగా గడ్డకట్టించి, మూత తీయగానే ఒత్తిడికి అది బయటికి ఎగిరిపోయేలా చేస్తారు. తగ్గిన మేరకు వైన్‌నూ, కొద్దిగా తీపినీ చేర్చి బిరడా వేస్తారు.

ఆ చివరి తీపిని బట్టే సీసా మీద మాట మారుతుంది. లీటరుకు మూడు గ్రాముల లోపు ఉండి, పైనుంచి చక్కెరేమీ కలపకపోతే బ్రూట్ నేచర్, ఆరు లోపుంటే ఎక్స్‌ట్రా బ్రూట్, 12 లోపుంటే బ్రూట్, 12 నుంచి 17 వరకు ఎక్స్‌ట్రా డ్రై, 32 నుంచి 50 వరకు డెమీ సెక్. డ్రై అంటే తీపి లేనిదని అర్థమైనా, ఎక్స్‌ట్రా డ్రై అన్నది బ్రూట్ కంటే తియ్యగా ఉంటుందన్న సంగతి దగ్గర కొత్తవాళ్లంతా పొరపడతారు, నువ్వు పొరపడవద్దు. నా మట్టుకు నేను, వైన్‌లోని లోపాన్ని తీపితో కప్పిపుచ్చడాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు.

ట్యాంకులో చేసే పద్ధతిని తక్కువచేసి మాట్లాడేవాళ్లు నీకు తారసపడతారు, వాళ్ల మాట నమ్మవద్దు. ఇటలీలో ఫెదెరీకో మార్తినోత్తి 1895లో దీనికి రూపమిచ్చాడు, 1907లో ఫ్రాన్సుకు చెందిన యూజీన్ షార్మా దాన్ని మెరుగుపరిచాడు. ఒత్తిడిని తట్టుకునే ఉక్కు ట్యాంకులోనే రెండోసారి పులియబెట్టి, ఆ ఒత్తిడి తగ్గకుండానే వడగట్టి సీసాల్లో నింపుతారు. ఇటలీ స్పార్క్లింగ్ వైన్ ప్రొసెక్కోలో వాడే గ్లేరా ద్రాక్షకు బేరిపండు, తెల్లపూల వాసన ఉంటుంది. దాన్ని రెండేళ్లు మడ్డితో ఉంచితే ఆ సున్నితమైన వాసన మిగలదు కనుక, దానికి ట్యాంకే తగిన పద్ధతి. మస్కాట్ ద్రాక్షతో చేసే ‘ఆస్తి’ అనే ఇటలీ వైన్‌లో అసలు రెండో పులియబెట్టే దశే లేదు. ఒకేసారి పులుస్తుండగా ట్యాంకును మూసి వాయువును పట్టి, సుమారు ఏడు శాతం ఆల్కహాలు దగ్గర చల్లబరచి ఆపేస్తారు, కనుక పండు తీపి అందులోనే మిగులుతుంది. పూర్తిగా పులియకముందే సీసాలో పోసి మూతవేసే పాత పద్ధతి ఇంకొకటి ఉంది, అది మన కల్లుకు దగ్గరి చుట్టం. మబ్బుగా, ఏ సీసాకా సీసా వేరుగా ఉంటుంది. ఇక గోలీసోడాలోలాగా బయటినుంచి వాయువు ఎక్కించడం తేలిక, బుడగలు పెద్దవిగా వచ్చి త్వరగా చల్లారిపోతాయి. అలా చేయడంలో తప్పు లేదు, దాన్ని మరొకదానిగా చెప్పి అమ్మడమే తప్పు.

పుణే జిల్లా నారాయణగావ్‌లో 1980లలోనే ఫ్రెంచివారి సహాయంతో మన మహారాష్ట్రలో సీసా పద్ధతి మొదలైంది, 2013లో షాందోన్ సంస్థ నాసిక్ ద్రాక్షతో చేసిన వైన్‌ను విడుదల చేసింది. మనది షాంపేన్ కాదు, ఆ పేరు ఆ ప్రాంతానిదే. ఎవరైనా ఆ మాట వాడితే మర్యాదగా సరిదిద్ది, ఇది నాసిక్ స్పార్క్లింగ్ వైన్ అని చెప్పు. చలినేలల వైన్‌ను అనుకరించాలని చూడకుండా, మన షెనిన్‌లోని జామపండు, నిమ్మ వాసనలను కాపాడుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

సీసా తెరిచేటప్పుడు బాగా చల్లబరచి, బిరడాను పట్టి ఉంచే తీగను ఆరు అరతిప్పులు తిప్పి వదులుచేసి, బిరడా మీదనుంచి బొటనవేలు తీయకుండా సీసాను ఏటవాలుగా పట్టుకో. బిరడాను కదలనివ్వకుండా సీసానే తిప్పాలి. నిట్టూర్పు వంటి చిన్న శబ్దమే రావాలి.

నా పాత నోటుపుస్తకాలు మూడు, ముఖానికి కట్టుకునే నా జాలీ తొడుగు మీ అమ్మకు ఇచ్చి పంపుతున్నాను. తొడుగు పట్టీ కొత్తది వేయించాను. మొదటి వారంలో బేస్ వైన్ రుచి చూసి, దాని పులుపు ఎలా ఉందో నాకు ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య